సొంత డొమైన్‌తో ఈమెయిలు: పేరు కొనడం నుంచి మెయిలు స్పామ్‌లో పడకుండా చూసుకోవడం దాకా

తిరుపతిలో లాడ్జీ బోర్డు చూసినా, చిత్తూరులో మామిడి గుజ్జు ఎగుమతి చేసేవాళ్ల విజిటింగ్ కార్డు చూసినా, అడుగున కనబడేది చాలాసార్లు జీమెయిల్ అడ్రసే. పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాని గురించి పెద్దగా ఆలోచించరు. కానీ ఆ అడ్రసు బాడుగ ఇల్లు. ఖాళీ చేయాల్సి వస్తే సామానుతోపాటు డోర్ నంబరు కూడా అక్కడే వదిలి రావాలి. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధనను గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. యూనివర్సిటీ ఇచ్చిన అడ్రసైతే చదువుతోపాటే ముగిసిపోవచ్చు. పరిశోధన పత్రంలో అచ్చయిన ఆ అడ్రసుకు ఐదేళ్ల తర్వాత ఎవరైనా రాస్తే ఆ ఉత్తరం మీకు చేరదు.

సొంత డొమైన్, అంటే అడ్రసులో ‘@’ తర్వాత ఉండే పేరు మీదే అయితే అడ్రసు మీది. మెయిలు సర్వీసు నచ్చకపోతే సర్వీసును మారుస్తారు, అడ్రసు మాత్రం అదే ఉంటుంది. అయితే ఆ హక్కుతోపాటు కొంత బాధ్యత కూడా మీ మీదికి వస్తుంది. ఏటా డబ్బు కట్టాలి, నాలుగు రికార్డులు సరిగ్గా పెట్టాలి, తాళాలు ఎక్కడున్నాయో గుర్తుంచుకోవాలి.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఇందులో మూడు వేర్వేరు సేవలున్నాయి: పేరు అమ్మే రిజిస్ట్రార్, ఆ పేరుకు సంబంధించిన దారులు రాసి ఉండే డీఎన్ఎస్, ఉత్తరాలు నిజంగా నిలవ ఉండే మెయిల్‌బాక్సు. మూడూ ఒకే కంపెనీ దగ్గర ఉండొచ్చు, మూడు చోట్ల ఉండొచ్చు. మెయిలు ఆగిపోయినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలియకపోవడానికి మూల కారణం ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం.

పేరు ఎంచుకోవడం

ఫోన్‌లో చెబితే అవతలివాళ్లు తప్పు లేకుండా రాసుకోగలగాలి. ఇదొక్కటే అసలైన పరీక్ష. మన ఊళ్లో ఈ పరీక్ష కొంచెం కష్టం. తిరుపతి అనే పేరునే తీసుకోండి. ఇంగ్లిషులో రాసేటప్పుడు చివరి ‘తి’కి కొందరు టీ ఒక్కటే రాస్తారు, కొందరు టీ పక్కన హెచ్ పెడతారు. శ్రీనివాసులుకు ఎస్ ఆర్ తర్వాత ఒక ఐ రాసేవాళ్లున్నారు, రెండు ఈలు రాసేవాళ్లున్నారు. పైగా యాత్రికుల్లో తమిళులు చాలామంది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం, ప, బలకు ఒకటే అక్షరం. మీరు చెప్పింది వాళ్ల చెవికి సరిగ్గా వినబడినా, రాసేటప్పుడు మారిపోయే అవకాశం ఉంది.

కాబట్టి పొట్టి పేరు చూసుకోండి. నడుమ హైఫన్ వద్దు, అంకెలు వద్దు. ఊరి పేరు తప్పకుండా కావాలనుకుంటే రెండు స్పెల్లింగులూ కొని, ఒకదాన్ని రెండోదానికి డొమైన్ ఎలియాస్‌గా పెట్టండి. రెండో స్పెల్లింగు అడ్రసుకు వచ్చిన మెయిలు కూడా అదే ఇన్‌బాక్సులో పడుతుంది. ఏడాదికి ఇంకొంత ఖర్చయినా, పోయిన బుకింగుల కంటే అది చవకే.

లాడ్జీలు, ట్రావెల్స్ వాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. దేవస్థానం పేరునుగానీ, టీటీడీ అన్న అక్షరాలనుగానీ, దర్శనం టికెట్లు అమ్మేవాళ్లలా అనిపించే మాటలనుగానీ డొమైన్‌లో పెట్టొద్దు. దేవస్థానం అధికారిక వెబ్‌సైటు చివర ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉంటుంది. నకిలీ టికెట్ల సైట్ల చేతిలో మోసపోయిన భక్తులు అలాంటి పేరు చూస్తేనే భయపడతారు. మీరు చిక్కుల్లో కూడా పడతారు.

చివరి భాగం విషయానికొస్తే డాట్ ఇన్, డాట్ కామ్ రెండింట్లో ఏది దొరికినా చాలు. డాట్ ఇన్ పేర్ల రిజిస్ట్రీని నిక్సీ అనే మన దేశ సంస్థ నడుపుతుంది. విదేశీ కొనుగోలుదారులతో పని ఉంటే డాట్ కామ్ మేలు, ఎందుకంటే అలవాటుగా చేతులు దాన్నే టైప్ చేస్తాయి. మొదటి ఏడాది 99 రూపాయలకే ఇస్తామన్న కొత్తరకం చివరలు చాలా ఉన్నాయి. వాటి రెండో ఏడాది ధర చూడకుండా కొనొద్దు. అడ్రసు అన్నది ఇరవై ఏళ్లు ఉండాల్సిన వస్తువు. చూడాల్సింది రెన్యూవల్ ధర.

తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా ఉన్నాయి. తెలుగు అక్షరాలతో మెయిల్ అడ్రసు సాధ్యమే, దానికి కావాల్సిన ప్రమాణం 2012 నాటికే వచ్చింది. కానీ తెలుగు అక్షరాలున్న అడ్రసును ఒప్పుకోని వెబ్ ఫారాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఇష్టంగా కొనుక్కోండి, అయితే మొదటి అడ్రసుగా కాదు, దానికి తోడుగా.

కొనేది ఎవరి పేరు మీద

అన్నింటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. వెబ్‌సైటు చేసిపెట్టిన కుర్రాడు తన సొంత ఖాతాలోనే డొమైన్ కొంటాడు. రెండేళ్లకు అతను బెంగళూరులో ఉద్యోగంలో చేరతాడు, నంబరు మారుతుంది, రెన్యూవల్ నోటీసులు అతని మెయిలుకే పోతాయి. ఒకరోజు అడ్రసులన్నీ ఆగిపోతాయి. అతని తప్పేమీ ఉండకపోవచ్చు. ఆ పేరు చట్టప్రకారం ఎవరి పేరు మీద ఉందో వాళ్లదే అన్న సంగతి ముందే తేల్చుకోకపోవడం వల్ల వచ్చిన నష్టమిది.

రిజిస్ట్రార్ దగ్గర ఖాతా మీరే తెరవండి, మీ ఫోన్ నంబరుతో, మీ కార్డుతో లేదా యూపీఐతో. రిజిస్ట్రంట్ అన్న గడిలో మీ పేరో, మీ సంస్థ పేరో ఉండాలి. పేరు, చిరునామా నిజమైనవి ఇవ్వండి. తప్పుడు వివరాలున్న డొమైన్‌ను ఆపేసే అధికారం వాళ్లకుంటుంది. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారమైతే బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు పడేలా చూసుకోండి. 18 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి అది కావాలి, రేపు యాజమాన్యం రుజువు చేసుకోవడానికీ పనికొస్తుంది. పని చేసిపెట్టేవాళ్లకు డీఎన్ఎస్ మార్చే అనుమతి విడిగా ఇవ్వొచ్చు. అసలు పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన పనిలేదు.

రిజిస్ట్రార్ ఖాతాకు లాగిన్ మెయిలుగా అదే డొమైన్‌లోని అడ్రసును ఎప్పుడూ పెట్టొద్దు. డొమైన్ గడువు తీరితే మెయిలు ఆగుతుంది. మెయిలు ఆగితే పాస్‌వర్డ్ రీసెట్ లింకు రాదు. బీరువా తాళం బీరువాలోనే పెట్టి మూసినట్టు. ఈ ఒక్క పనికోసం పాత జీమెయిల్‌నే వాడండి, దానికి రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, నెలకోసారైనా తెరిచి చూడండి.

ఆటో రెన్యూవల్ ఆన్ చేసి నిశ్చింతగా ఉండకండి. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం కార్డు మీద పదేపదే జరిగే చెల్లింపులకు ముందుగా ఇ-మాండేట్ (మీరిచ్చే ముందస్తు అనుమతి) నమోదై ఉండాలి. విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర ఆ ఏర్పాటు లేకపోతే గడువు రోజున చెల్లింపు విఫలమవుతుంది. ఒకేసారి ఐదేళ్లకు కట్టేయడం మంచి మార్గం. గరిష్ఠంగా పదేళ్లకు కట్టొచ్చు. గడువు తేదీని ఫోన్ క్యాలెండరులో రెండు నెలల ముందు, నెల ముందు గుర్తు చేసేలా రాసుకోండి.

గడువు దాటితే ఏమవుతుంది? డాట్ కామ్ లాంటి వాటికి రిజిస్ట్రార్‌ను బట్టి కొన్నాళ్లు మామూలు ధరకే రెన్యూ చేసుకునే వీలుంటుంది. ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్, అంటే పేరును విడిపించుకునే గడువు, అప్పుడు భారీ అదనపు రుసుము పడుతుంది. ఆపైన 5 రోజులకు పేరు బజారులోకి వస్తుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాళ్లు మీ పాత అడ్రసుకు వచ్చే ప్రతి ఉత్తరాన్నీ అందుకోగలరు, మీ ఇతర ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ లింకులతో సహా. ఒకసారి మొదలుపెట్టిన డొమైన్‌ను ఇష్టం వచ్చినప్పుడు వదిలేయలేం అనడానికి కారణం ఇదే. ఏళ్ల తరబడి కడతామన్న నమ్మకం లేకపోతే ఈ పనికి దిగకపోవడమే మేలు.

మెయిల్‌బాక్సు ఎక్కడ

దారులు మూడున్నాయి. మొదటిది డబ్బు కట్టి తీసుకునే పూర్తి సర్వీసు: జోహో మెయిల్, గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365 వంటివి. ఒక్కరికైనా, నలుగురు పనిచేసే ఆఫీసుకైనా ఇదే సరైనది. జోహోలో ఐదుగురి వరకు ఒక ఉచిత ప్లాన్ ఉంది. అందులో ఐమ్యాప్, పాప్ సౌకర్యాలు ఉండవు, అంటే ఔట్‌లుక్, థండర్‌బర్డ్ వంటి వాటిలో పెట్టుకోలేరు. బ్రౌజరులోనో వాళ్ల సొంత యాప్‌లోనో చూసుకోవాలి. ఇంటిపేరుతో డొమైన్ కొని ఇంట్లో అందరికీ తలా ఒక అడ్రసు ఇవ్వాలనుకునే కుటుంబానికి అది చాలు. ఒక్క సంగతి: అడ్మిన్‌గా ఉన్నవాళ్లు ఎవరి పాస్‌వర్డ్‌నైనా మార్చగలరు. ఎదిగిన పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పండి.

రెండోది ఫార్వర్డింగ్. క్లౌడ్‌ఫ్లేర్ ఇచ్చే ఈమెయిల్ రౌటింగ్ ఉచితం. మీ డొమైన్‌కు వచ్చినదాన్ని జీమెయిల్‌కు పంపిస్తుంది. అందుకోవడానికి బాగుంటుంది, చిక్కంతా జవాబు రాసేటప్పుడు వస్తుంది. మామూలు జీమెయిల్ నుంచే సొంత డొమైన్ పేరు పెట్టి పంపితే ఆ ఉత్తరం మీద మీ డొమైన్ సంతకం పడదు, అవతలివైపు అనుమానంగా చూస్తారు. పోర్ట్‌ఫోలియో పెట్టుకున్న విద్యార్థికి ఇది సరిపోతుందేమోగానీ, కొటేషన్లు పంపే వ్యాపారానికి సరిపోదు.

మూడోది వెబ్ హోస్టింగ్‌తోపాటు ఊరికే వచ్చే మెయిలు. ఒకే సర్వరు మీద వందల సైట్లుంటాయి, అందులో ఎవరో ఒకరు స్పామ్ పంపితే ఆ సర్వరు ఐపీ అడ్రసుకు (నెట్‌లో దాన్ని గుర్తించే అంకెకు) వచ్చిన చెడ్డపేరు అందరికీ అంటుతుంది. వెబ్‌సైటు అక్కడే ఉంచుకోండి, మెయిలు మాత్రం వేరే చోట పెట్టండి. ఇంట్లోనే సొంత సర్వరు నడుపుదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో మెయిలు సర్వర్లు ఒకదానికొకటి పంపుకునే 25వ పోర్టు మామూలుగా మూసే ఉంటుంది, ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఆ అంకె ఏ పేరుదో చెప్పే రికార్డు) ఉండదు, పంపింది చేరదు.

డీఎన్ఎస్‌లో చేయాల్సిన పని

వేళ చూసుకోండి. బ్రహ్మోత్సవాల వారంలోనో, వైకుంఠ ఏకాదశికి ముందో లాడ్జీ మెయిలు మార్చొద్దు. తోతాపురి సీజన్ నడిచే జూన్, జూలైలో గుజ్జు యూనిట్ల వాళ్లూ జోలికి పోవద్దు. మామూలు పనిదినం, పొద్దున పూట మంచిది. ఏదైనా అడ్డం తిరిగితే సర్వీసువాళ్ల సపోర్టు దొరుకుతుంది.

మీ డొమైన్‌కు వచ్చే మెయిలు ఏ సర్వరుకు పోవాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు. దాన్ని ఇతర సర్వర్లు ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పేది టీటీఎల్. ముందురోజే పాత ఎంఎక్స్ రికార్డు టీటీఎల్ ఎంతుందో చూడండి. 86400 అని ఉంటే, పాత దారిని ఇతర సర్వర్లు ఒక రోజంతా గుర్తుపెట్టుకోవచ్చని అర్థం. దాన్ని 300కు, అంటే ఐదు నిమిషాలకు దించి ఒక రోజు ఆగండి. అప్పుడు మార్పు త్వరగా పాకుతుంది. డీఎన్ఎస్‌నే వేరే కంపెనీకి మారుస్తుంటే, అంటే నేమ్‌సర్వర్లే మారుతుంటే 48 గంటల దాకా పట్టొచ్చు. ఆ మార్పుకు ముందు పాత రికార్డులన్నింటినీ స్క్రీన్‌షాట్ తీసుకుని కొత్తచోట ఒక్కటి కూడా వదలకుండా ఎక్కించండి. వెబ్‌సైటు రికార్డు మరిచిపోతే సైటు పడిపోతుంది.

ఇక వరుస. మెయిలు సర్వీసులో ఖాతా తెరిచి డొమైన్ పేరు ఇస్తే, అది మీదేనని రుజువు అడుగుతుంది. ఒక టీఎక్స్‌టీ రికార్డు (మామూలు అక్షరాల వరస) ఇస్తుంది, దాన్ని డీఎన్ఎస్‌లో అతికించి ‘వెరిఫై’ నొక్కండి. వెంటనే ఎంఎక్స్ మార్చకండి. మొదట మెయిల్‌బాక్సులు, ఎలియాస్‌లు (ఉన్న మెయిల్‌బాక్సుకే వచ్చే అదనపు అడ్రసులు) అన్నీ సృష్టించండి. ఎందుకంటే సర్వరు కాసేపు అందకపోతే పంపినవాళ్ల వైపు సర్వరు కొన్ని రోజులపాటు మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుంది, ఉత్తరం పోదు. కానీ సర్వరు దొరికి ‘ఈ పేరుతో ఎవరూ లేరు’ అని చెబితే ఉత్తరం అప్పటికప్పుడే వెనక్కి పోతుంది.

తర్వాత ఎంఎక్స్. పాతవన్నీ తీసేసి సర్వీసు ఇచ్చినవి పెట్టండి. జోహో భారత సర్వర్లకు మూడు రికార్డులుంటాయి, ప్రయారిటీలు 10, 20, 50. గూగుల్ ఇప్పుడు కొత్తవాళ్లకు ఒకే రికార్డు ఇస్తోంది, ప్రయారిటీ 1. పాత ఐదు రికార్డులున్నవాళ్లు మార్చక్కర్లేదు. ఏ అంకె చిన్నదైతే దాన్ని ముందు ప్రయత్నిస్తారు. ఎంఎక్స్ ఎప్పుడూ ఒక సర్వరు పేరును చూపాలి, ఐపీ అంకెను కాదు.

ఇక్కడ పదేపదే జరిగే పొరపాట్లు కొన్ని ఉన్నాయి.

హోస్ట్ గడిలో డొమైన్ పేరు మొత్తం రాయడం. చాలా ప్యానెళ్లు డొమైన్‌ను వాటంతట అవే చివర చేరుస్తాయి, దాంతో పేరు రెండుసార్లు పడుతుంది. అసలు డొమైన్‌కైతే ‘@’ గుర్తు ఒక్కటే పెట్టాలి.

పాత ఎంఎక్స్ ఒకటి మిగిలిపోవడం. కొన్ని ఉత్తరాలు కొత్త ఇన్‌బాక్సుకు, కొన్ని పాతదానికి పోతాయి. ‘ఒక్కోసారి వస్తాయి, ఒక్కోసారి రావు’ అని ఎవరైనా అంటే మొదట చూడాల్సింది దీన్నే.

‘@’ మీద సీనేమ్ రికార్డు (ఒక పేరును ఇంకో పేరు వైపు మళ్లించేది) పెట్టడం. సైటు బిల్డర్లు కొన్ని అలా పెట్టమంటాయి. అసలు డొమైన్ మీద సీనేమ్ ఉంటే దాని పక్కన ఎంఎక్స్ ఉండకూడదు, మెయిలు దారి తప్పుతుంది. డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూకి పెట్టుకోవచ్చు, మూలానికి వద్దు.

సీప్యానెల్ (హోస్టింగ్ కంపెనీలు ఇచ్చే ఒక కంట్రోల్ ప్యానెల్) ఉన్న హోస్టింగ్‌లో సైటు ఉన్నవాళ్లకు ఇంకొకటి. మెయిలు బయటికి మార్చినా, ఆ సర్వరు మెయిలు తన దగ్గరే ఉందనుకుంటుంది. సైటులోని ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారంలో యాత్రికుడు రాసింది పాత పెట్టెలోనే పడి ఉంటుంది, ఎవరూ చూడరు. సీప్యానెల్‌లో ఈమెయిల్ రౌటింగ్‌కు వెళ్లి ‘రిమోట్ మెయిల్ ఎక్స్‌ఛేంజర్’ ఎంచుకుంటే సరిపోతుంది. నెలల తరబడి బుకింగులు ఎందుకు రావడం లేదో తెలియకుండా ఉండడానికి ఇదొక్కటే కారణం కావొచ్చు.

పంపింది స్పామ్‌లో పడకుండా

ఎంఎక్స్ పెట్టగానే మెయిలు రావడం మొదలవుతుంది, అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. రావడం సగమే. మీరు పంపింది అవతల ఇన్‌బాక్సులో పడాలంటే మూడు రికార్డులు కావాలి: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా లేని మెయిలును జీమెయిల్ తిరస్కరించవచ్చు. రోజుకు 5000 మించి పంపేవాళ్లకైతే రెండింటితోపాటు డీమార్క్ కూడా తప్పనిసరి. మీరు పంపేది రోజుకు పదే అయినా మూడూ పెట్టండి.

ఎస్‌పీఎఫ్ అంటే మీ పేరుతో ఉత్తరాలు పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే జాబితా. అది ఒక టీఎక్స్‌టీ రికార్డు, హోస్ట్ ‘@’. ఒక డొమైన్‌కు ఒకటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. మెయిలు ఒకచోట, బిల్లింగ్ సాఫ్ట్‌వేరు ఇంకోచోట నుంచి పంపుతుంటే రెండో రికార్డు పెట్టకండి. ఉన్నదాంట్లోనే ఇంకో ‘ఇన్‌క్లూడ్’ చేర్చండి. అలా చేర్చుకుంటూ పోతే పది డీఎన్ఎస్ వెతుకులాటల హద్దు దాటుతుంది, అప్పుడూ చెల్లదు. వాడని సర్వీసుల్ని తీసేస్తుండండి. చివర ‘ఆల్’ అన్న మాట ముందు టిల్డా (~) గుర్తుంటే ‘మిగతావి అనుమానించండి’ అని, హైఫన్ ఉంటే ‘మిగతావి తిరస్కరించండి’ అని అర్థం. మొదట టిల్డాతో మొదలుపెట్టండి. కూడిక గుర్తు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. అది లోకంలో ఎవరైనా మీ పేరుతో పంపొచ్చని రాసిచ్చినట్టు.

డీకిమ్ అంటే ఉత్తరం మీద వేసే సంతకం. సర్వీసు అడ్మిన్ పేజీలో తాళంచెవి తయారు చేయమంటే పొడవాటి అక్షరాల వరస ఇస్తుంది. 2048 బిట్లు ఎంచుకోండి. అది టీఎక్స్‌టీ రికార్డులో ఒక ముక్కకుండే 255 అక్షరాల హద్దును దాటుతుంది. మంచి ప్యానెళ్లు తామే విడగొట్టుకుంటాయి, కొన్ని కత్తిరించేస్తాయి. భద్రపరిచాక మళ్లీ తెరిచి చివరి అక్షరాలు సరిపోయాయో లేదో పోల్చి చూడండి. కాపీ చేసేటప్పుడు మధ్యలో ఖాళీ గానీ, వరస విరుపు గానీ చొరబడినా సంతకం చెల్లదు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో రికార్డు పెట్టాక అడ్మిన్ పేజీలో ‘స్టార్ట్ ఆథెంటికేషన్’ కూడా నొక్కాలి. ఆ మీట మరిచిపోయేవాళ్లు చాలామంది. తాళంచెవి ఉంటుంది, సంతకం పడదు.

ఈ రెండింటిలో డీకిమ్‌కే ఎక్కువ విలువ ఇవ్వండి. మీ ఉత్తరాన్ని అందుకున్నవాళ్లు ఇంకోచోటికి ఫార్వర్డ్ చేస్తే ఎస్‌పీఎఫ్ తెగిపోతుంది, ఎందుకంటే పంపే సర్వరు మారింది. ఉత్తరంలో మాట మారకుండా ఉంటే డీకిమ్ సంతకం అలాగే నిలుస్తుంది.

మూడోది డీమార్క్. మొదటి రెండూ తప్పితే ఏం చేయాలో అవతలివాళ్లకు మీరిచ్చే ఆదేశం. హోస్ట్ గడిలో అండర్‌స్కోర్ గుర్తు పెట్టి డీమార్క్ అని రాయాలి. విధానం మూడు రకాలు: ‘నన్’, ‘క్వారంటైన్’, ‘రిజెక్ట్’. మొదటిరోజే రిజెక్ట్ పెడితే మీరు మరిచిపోయిన బిల్లింగ్ సాఫ్ట్‌వేరు పంపే ఇన్‌వాయిసులు కూడా ఆగిపోతాయి. నన్‌తో మొదలుపెట్టి, నివేదికలు రావడానికి ఒక అడ్రసు ఇచ్చి, మూడు నాలుగు వారాలు చూడండి. మీ పేరుతో ఎక్కడెక్కడ నుంచి మెయిలు పోతోందో తెలుస్తుంది. అన్నీ మీవే, అన్నీ పాసవుతున్నాయని తేలాక క్వారంటైన్, ఇంకో నెలకు రిజెక్ట్. నన్ దగ్గరే ఏళ్ల తరబడి వదిలేస్తే మోసగాళ్లకు ఏ అడ్డూ ఉండదు.

ఎగుమతి వ్యాపారాలకు ఇది డబ్బుతో ముడిపడిన విషయం. గుజ్జు కొనే విదేశీ కంపెనీకి మీ అడ్రసుతోనే ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈ ఇన్‌వాయిసు డబ్బు కొత్త ఖాతాకు పంపండి’ అని ఎవరో రాస్తారు. డీమార్క్ రిజెక్ట్ ఉంటే, దాన్ని పాటించే సర్వర్లు ఆ ఉత్తరాన్ని లోపలికి రానివ్వవు. అయితే దీనితో ఆగనివి రెండున్నాయి. ఒక అక్షరం తేడాతో కొన్న డొమైన్ నుంచి వచ్చేది ఆగదు. మీ మెయిల్‌బాక్సులోకే దొంగతనంగా దూరి పంపినదీ ఆగదు. మొదటిదానికి, ఖాతా మార్పును ఫోన్‌లో మాట్లాడకుండా నమ్మొద్దని కొనుగోలుదారుతో ముందే ఒప్పందం చేసుకోండి. రెండోదానికి ప్రతి మెయిల్‌బాక్సుకూ రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే బ్యాంకుకు, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది.

సరిచూసుకోవడం సులభం. కొత్త అడ్రసు నుంచి ఒక జీమెయిల్ ఖాతాకు ఉత్తరం పంపండి. కంప్యూటర్‌లో దాన్ని తెరిచి మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా ‘పాస్’ అని ఉండాలి. డీకిమ్ పక్కన మీ డొమైన్ పేరే ఉందా, సర్వీసు కంపెనీ పేరుందా అన్నది కూడా చూడండి. మీదే ఉండాలి.

అన్నీ పాసయినా మొదటి వారంలో ఐదువందల మందికి ఉగాది శుభాకాంక్షలు పంపకండి. కొత్త డొమైన్‌కు ఇంకా పరపతి లేదు. తెలిసినవాళ్లతో రోజుకు పదీ ఇరవై ఉత్తరాలు నడవనివ్వండి, వాళ్లు జవాబిచ్చేకొద్దీ పేరు నిలబడుతుంది.

ఫోన్‌లో పెట్టడానికి సర్వీసు సొంత యాప్ ఉంటే అదే వాడండి. వేరే యాప్‌లో అయితే ఐమ్యాప్ 993, పంపడానికి 465 లేదా 587. రెండంచెల ధ్రువీకరణ ఉంటే మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోకపోవచ్చు, యాప్ పాస్‌వర్డ్ తయారు చేసుకోవాలి. పాప్ వద్దు. కొన్ని యాప్‌లు దించుకున్నాక సర్వరు మీద ఉత్తరాలు తీసేస్తాయి, ఆ కంప్యూటర్ పోతే అన్నీ పోయినట్టే.

క్యాచ్-ఆల్ అన్న సౌకర్యం ఊరిస్తుంది: ‘@’ ముందు ఏం రాసినా మీకే వస్తుంది. స్పామ్ పంపేవాళ్లకు కూడా అదే కావాలి, ఊహించి రాసిన ప్రతి పేరూ పనిచేస్తుంది. దాని బదులు కావాల్సిన ఎలియాస్‌లు చేసుకోండి. బుకింగులకొకటి, లెక్కలకొకటి, ఆన్‌లైన్ కొనుగోళ్లకొకటి. ఏదైనా చెత్త మెయిళ్ల బారిన పడితే ఆ ఒక్కటి తీసేస్తే చాలు.

పాత అడ్రసు నుంచి తరలడం

తొందర వద్దు. పాత ఉత్తరాలను చాలా సర్వీసులు ఐమ్యాప్ ద్వారా తామే లాక్కుంటాయి. వేల మెయిళ్లుంటే ఒక రాత్రి పట్టొచ్చు. పాత జీమెయిల్ నుంచి కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టి, జవాబులన్నీ కొత్త అడ్రసు నుంచే రాయండి. పాత ఖాతాను మూసేయొద్దు, కనీసం రెండేళ్లు ఉంచండి.

ఖాతాల్లో అడ్రసు మార్చడం అసలు శ్రమ. కాగితం మీద రాసుకుని వారానికి నాలుగైదు చొప్పున చేయండి: ఆదాయపన్ను పోర్టల్, జీఎస్టీ పోర్టల్, పీఎఫ్, బ్యాంకులు, బీమా, పాస్‌పోర్టు, ఐఆర్‌సీటీసీ, కరెంటు బిల్లు, దేవస్థానం వెబ్‌సైటులో మీ లాగిన్. డొమైన్ ఆరు నెలలు సాఫీగా నడిచాక బ్యాంకులు, ప్రభుత్వ ఖాతాల జోలికి వెళ్లండి. మిత్రులకు, వ్యాపార ఉత్తరాలకు మొదటి రోజు నుంచే వాడొచ్చు. కొన్నిచోట్ల మార్పుకు పాత అడ్రసుకే ఓటీపీ వస్తుంది, పాతదాన్ని మూసేయొద్దనడానికి అదీ ఒక కారణం. కొన్ని పాత సైట్లు అడ్రసు మార్చనివ్వవు, వాటిని జీమెయిల్‌లోనే వదిలేయండి.

సర్వీసు మార్చాల్సి వచ్చినా ఇదే వరస: కొత్తచోట పెట్టెలు తయారుచేసి, టీటీఎల్ దించి, ఎంఎక్స్ మార్చి, పాతచోట నుంచి ఉత్తరాలు లాక్కోవాలి. పాత చందా మరో నెల ఉంచండి. రిజిస్ట్రార్‌ను మార్చాలంటే డొమైన్ లాక్ తీసి, ఆథరైజేషన్ కోడ్ తీసుకోవాలి. డాట్ కామ్ కొన్న మొదటి 60 రోజుల్లో అది కుదరదు.

చివరిగా ఒక కాగితం రాయండి. రిజిస్ట్రార్ పేరు, లాగిన్ మెయిలు ఏది, డీఎన్ఎస్ ఎక్కడుంది, మెయిలు సర్వీసు ఏది, గడువు తేదీ, రెండంచెల ధ్రువీకరణ బ్యాకప్ కోడ్లు. ఇంటి పత్రాలు, భూమి పాసుపుస్తకం ఉన్న కవరులోనే దాన్ని పెట్టి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి. మీరు ఆసుపత్రిలో ఉన్న నెలలో గడువు వస్తే, పదిహేను నిమిషాల్లో డబ్బు కట్టి అందరి అడ్రసులూ నిలబెట్టగలిగేది ఆ ఇంకొకరే.